మందీలో కొన్న ఉక్కు షేరు: ఓర్పుకు పట్టే కాలం, దానికి కట్టవలసిన ఖరీదు

2016లో గుంటూరు యార్డులో మిర్చి క్వింటాలు పది వేల రూపాయల పైన పలికినది. ఆ ధర చూసి రైతులు మరుసటి ఏడు మిర్చి విస్తీర్ణం పెంచారు. 2017 ఏప్రిల్ నాటికి సరుకు యార్డులను ముంచెత్తినది. ధర సగానికి, ఆపైన సగానికి దిగజారినది. ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం కట్టలు తెంచుకున్నది. చివరకు కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చినది. ఆ దెబ్బతో తరువాతి సీజనులో సాగు తగ్గినది. సాగు తగ్గడంతో ధర కోలుకున్నది.

ఈ సంగతి మన వర్తకులకు ఒకరు నేర్పవలసిన పని లేదు. ధర పెరిగితే సాగు పెరుగుతుంది, సాగు పెరిగితే ధర పడుతుంది, ధర పడితే సాగు తగ్గుతుంది, సాగు తగ్గితే ధర లేస్తుంది. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టే ప్రతి స్టాకిస్టుకూ ఇది అనుభవంలో వున్న విషయమే. కాని అదే వర్తకుడు షేరు బజారులో అడుగు పెట్టగానే ఈ తెలివిని గడప అవతల వదలి వస్తున్నాడు. లాభాలు దండిగా వున్న ఏడు షేరు కొంటాడు. నష్టాలు ప్రకటించిన ఏడు, బ్రోకరు సంస్థలు ‘అమ్మండి’ అని సలహా ఇచ్చిన నాడు, అమ్ముకుని బయటపడతాడు. మిర్చిలో ఇలా చేసేవాడిని తోటి వర్తకులు నవ్వుతారు. షేర్లలో మాత్రం ఇదే పరిపాటి అయినది.

ఈ పాఠంలో మందీలో షేరు కొనడం ఎట్లు, ఎంతకాలం ఓపిక పట్టాలి, ఎక్కడ ఓపిక పనికిరాదు అన్న మూడు విషయాలు పరిశీలిద్దాము. ఉదాహరణకు మనందరికీ తెలిసిన టాటా స్టీల్ షేరును తీసుకుంటున్నాము. 2022 జూలైలో ఈ కంపెనీ 10 రూపాయల ముఖవిలువ గల షేరును 1 రూపాయి షేర్లు పదిగా విడదీసినది. ఈ వ్యాసంలోని ధరలు, డివిడెండ్లు అన్నీ విభజనకు ముందటి లెక్కలోనివే. ఈనాటి లెక్కకు పదితో భాగించుకోవలెను.

చక్రం ఎలా తిరుగుతుంది

కొన్ని పరిశ్రమల లాభాలు ఏటా మెల్లగా పెరుగుతూ పోతాయి. సబ్బులు, మందులు, బిస్కట్లు ఈ కోవలోనివి. మరికొన్నింటి లాభాలు బండి చక్రం వలె పైకీ కిందికీ తిరుగుతుంటాయి. ఉక్కు, సిమెంటు, పంచదార, కాగితం, ఓడల రవాణా ఈ రెండవ కోవలోనివి. వీటిలో సరుకు ధర కంపెనీ చేతిలో లేదు, బజారు చేతిలో వున్నది. కర్మాగారం ఖర్చు మాత్రం ధర పడినా పెద్దగా తగ్గదు. అందుచేత ధర పది శాతం తగ్గితే లాభం పది శాతం కాదు, ఒక్కోసారి మొత్తంగా మాయమవుతుంది. ధర పెరిగినప్పుడు కూడ అంతే వేగంగా లాభం ఉబ్బుతుంది.

మిర్చి చక్రానికి ఒకటి రెండేళ్ళు చాలు. ఉక్కు చక్రానికి చాలా ఏళ్ళు కావాలి. కారణం, కర్మాగారం కట్టడానికి పట్టే కాలమే. టాటా స్టీల్ ఒడిశాలోని కళింగనగర్ కర్మాగారానికి ఆ రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది 2004లో. ప్రారంభోత్సవం జరిగినది 2015 నవంబరులో. అనగా ఉక్కుకు మంచి రోజులు మొదలైనప్పుడు నిర్ణయించిన కర్మాగారం, దశాబ్దంలో కెల్లా గడ్డు కాలంలో ఉత్పత్తికి వచ్చినది. ఇది ఒక్క కంపెనీ కథ కాదు. పదిమందీ తేజీలోనే నిర్ణయాలు తీసుకుంటారు, ఆ సరుకంతా మందీలో వచ్చి బజారు మీద పడుతుంది.

మందీలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఎవరూ కొత్త కొలిమి కట్టరు. పాత కొలిములు కొన్ని మూతబడతాయి. గిరాకీ మాత్రం ఏటా ఎంతో కొంత పెరుగుతూనే వుంటుంది. ఒకనాడు సరుకు చాలదు. ఆనాడు ధర లేస్తుంది.

టాటా స్టీల్ పదేళ్ళ లెక్క

2011 ఆరంభంలో ఈ షేరు 600 రూపాయల పైన వున్నది. 2013 ఆగస్టులో 200 రూపాయల దరిదాపుకు పడినది. 2014 మధ్యలో ఎన్నికల ఉత్సాహంతో 500 దాటినది. మందీ తీరినదని అందరూ అనుకున్నారు. కాని 2015లో చైనా తన దేశంలో చెల్లని ఉక్కును ప్రపంచం మీదికి వదిలినది. ఆ ఒక్క సంవత్సరంలో చైనా ఎగుమతులు 11 కోట్ల టన్నులకు మించినవి. ఆ ఏడు భారతదేశం మొత్తం ఉక్కు ఉత్పత్తి సుమారు 9 కోట్ల టన్నులే! 2015 శరత్కాలానికి షేరు మళ్ళీ 200 దగ్గరకు వచ్చినది. కంపెనీ 2014–15లోను, 2015–16లోను నష్టాలు చూపినది. 2007లో దాదాపు 1,200 కోట్ల డాలర్లకు కొన్న ఐరోపా కంపెనీ కోరస్ మెడకు గుదిబండ అయినది. 2016 మార్చిలో బ్రిటన్ వ్యాపారాన్ని అమ్మివేయడంతో సహా అన్ని మార్గాలూ పరిశీలిస్తామని కంపెనీ ప్రకటించవలసి వచ్చినది.

ఆ కాలంలో ఈ షేరును కొనమని చెప్పడం ఎంత కష్టమో ఊహించవచ్చును. నష్టాలు నిజం. అప్పు నిజం. చైనా సరుకు నిజం. కాని సరిగ్గా అప్పుడే మరి రెండు సంగతులు కూడ జరిగినవి. 2016 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం 173 రకాల ఉక్కు సరుకులకు కనీస దిగుమతి ధర నిర్ణయించినది. అదే నెలలో చైనా ప్రభుత్వం అయిదేళ్ళలో 10 నుండి 15 కోట్ల టన్నుల ఉక్కు ఉత్పత్తి సామర్థ్యం తగ్గిస్తామని ప్రకటించినది. లాభనష్టాల పట్టికలో వీటి జాడ అప్పటికి లేదు. సరుకు లెక్క తెలిసిన వాడికి మాత్రం ఇది సాగు తగ్గుతున్నదన్న వార్త వంటిది.

2018 జనవరి నాటికి షేరు 700 దాటినది. తరువాత మళ్ళీ జారినది. 2020 మార్చిలో కరోనా మూలంగా దేశమంతా లాక్‌డౌన్ విధించినప్పుడు 250 దరిదాపుకు దిగినది. కంపెనీ నికర అప్పు అప్పటికి లక్ష కోట్ల రూపాయలకు మించి వున్నది. దేశీయ విపణిలో హాట్ రోల్డ్ కాయిల్ ధర ఆ ఏడు మధ్యలో టన్ను 36–37 వేల దగ్గర వుండగా, 2022 ఏప్రిల్‌లో 75 వేలు దాటినది. షేరు ధర అంతకు ముందే, 2021 ఆగస్టులో, 1,500 రూపాయలు దాటినది. కంపెనీ 2020–21కి షేరుకు 25 రూపాయలు, 2021–22కి 51 రూపాయలు డివిడెండు ఇచ్చినది. 250కి కొన్న వాడికి ఆ రెండవ డివిడెండు ఒక్కటే పెట్టుబడి మీద 20 శాతం!

విశ్లేషకులు ఎప్పుడూ ఆలస్యమే ఎందుకు?

బ్రోకరు సంస్థల విశ్లేషకులు తెలివితక్కువ వారు కారు. వారు చెప్పే చెడ్డ వార్తలు చాలావరకు నిజమైనవే. వారి పద్ధతిలోనే చిక్కు వున్నది. రానున్న రెండేళ్ళ లాభాన్ని వారు ఈనాటి సరుకు ధరను బట్టి అంచనా వేస్తారు. ఈనాటి ధర పడితే అంచనా పడుతుంది, అంచనా పడితే లక్ష్య ధర తగ్గుతుంది, లక్ష్య ధర తగ్గితే ‘కొనండి’ అన్న సలహా ‘వుంచుకోండి’గా, ‘వుంచుకోండి’ అన్నది ‘అమ్మండి’గా మారుతుంది. ఇది ధర వెనుక నడిచే నీడ. నీడను చూసి మనిషి ఎటు పోతున్నాడో చెప్పడం సాధ్యం కాదు.

మరొక కారణం కూడ వున్నది. పదిమందితో పాటు తప్పు చేసిన విశ్లేషకుడిని ఎవరూ తప్పు పట్టరు. ఒంటరిగా కొనమని చెప్పి, ఆ షేరు మరో 30 శాతం పడితే, అతని ఉద్యోగానికే ముప్పు. అతనికి మూడు నెలలకొకసారి ఫలితాల పరీక్ష వున్నది. సొంత డబ్బు పెట్టే వర్తకుడికి ఆ పరీక్ష లేదు. షేరు బజారులో చిన్న మదుపరికి వున్న ఒకే ఒక్క ఆధిక్యం ఇదే. అతను ఎవరికీ లెక్క చెప్పనక్కర లేదు, ఎదురు చూడగలడు.

అట్లని విశ్లేషకులు అమ్మమన్నారు కనుక మనం కొనాలి అనుకోవడం కూడ పొరపాటే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్లు నడిచినంత మాత్రాన లాభం రాదు. 2011లో ఈ షేరు 600 నుండి దిగుతున్నప్పుడు, మొదటి ‘అమ్మండి’ సలహా రాగానే ‘చౌక’ అని కొన్నవాడి సంగతి చూడండి. రెండున్నరేళ్ళలో మూడింట రెండు వంతుల సొమ్ము కరిగినది. అసలు తిరిగి చేతికి రావడానికి 2017 చివరి నెలల దాకా ఆగవలసి వచ్చినది. ఈ ఏడేళ్ళు 600 రూపాయలను 8 శాతం చక్రవడ్డీకి వేసినట్లయితే సుమారు 1,030 రూపాయలు అయ్యేవి. ఇతనికి మధ్యలో అందిన కొద్దిపాటి డివిడెండ్లు ఆ లోటును పూడ్చలేదు. చౌక అన్నది నిన్నటి ధరతో పోల్చి చెప్పే మాట కాదు.

పి.ఇ. నిష్పత్తి తిరకాసు

షేరు ధరను షేరుకు వచ్చే వార్షిక లాభంతో భాగిస్తే పి.ఇ. నిష్పత్తి వస్తుంది. అది తక్కువగా వుంటే షేరు చౌక అని అందరూ నేర్చుకునే మొదటి పాఠం. చక్రగతి షేర్లలో ఈ పాఠం తలకిందులవుతుంది. అమెరికాలో 1977 నుండి 1990 దాకా మాజెలాన్ ఫండును నడిపిన పీటర్ లించ్ ఈ విషయం పదే పదే హెచ్చరించేవారు.

లెక్క చూద్దాము. 2021–22లో టాటా స్టీల్ లాభం 41,749 కోట్ల రూపాయలు. షేరుకు ఆర్జన సుమారు 330 రూపాయలు. 2022 మార్చి ఆఖరున షేరు ధర 1,300 దరిదాపు. అనగా పి.ఇ. నాలుగే! నాలుగేళ్ళ లాభంతో షేరు ఖరీదు తీరిపోతుందని చాలామంది సంబరపడి కొన్నారు. మే నెలలో ప్రభుత్వం ఉక్కు ఎగుమతుల మీద 15 శాతం సుంకం విధించినది. మే 23న ఒక్క రోజులో షేరు సుమారు 12 శాతం పడినది. జూన్‌లో 900 దిగువకు వచ్చినది. 2022–23లో కంపెనీ లాభం 8,075 కోట్లకు, అంటే అయిదవ వంతుకు తగ్గినది. 2023–24లో 4,910 కోట్ల నష్టం వచ్చినది.

2020–21 లాభం 8,190 కోట్లు. దానితో కలిపి ఈ నాలుగేళ్ళ మొత్తం 53,104 కోట్లు. ఏడాదికి సగటు 13,276 కోట్లు. అప్పటి షేర్లు సుమారు 122 కోట్లు కనుక సగటు ఆర్జన షేరుకు 109 రూపాయల వంతున తేలుతుంది. దీనితో చూస్తే 1,300 రూపాయల ధరకు పి.ఇ. పన్నెండు, నాలుగు కాదు. 2022లో నిలబడిన వాడికి 2024 లెక్క తెలియదన్నది నిజమే. కాని 2014–15, 2015–16 నష్టాలు అతనికి తెలుసు. మిర్చిలో ఒక మంచి ఏటి ధరను శాశ్వతమని ఎవరూ నమ్మరు. ఉక్కులోనూ అంతే. చక్రం ఒక చుట్టు తిరిగే ఏడెనిమిదేళ్ళ లాభనష్టాలు కలిపి సగటు తీసి, ఆ సగటుకు ఎన్నిరెట్లు ధర పెడుతున్నామో చూసుకోవలెను.

తిరిగి లేవని కంపెనీలు

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. చక్రం తిరిగి పైకి వస్తుంది, నిజమే. కాని మనం కొన్న కంపెనీ అందాకా బతికి వుండాలి కదా! 2017 జూన్‌లో రిజర్వు బ్యాంకు దివాలా చట్టం కింద చర్యకు పంపిన మొదటి జాబితాలో 12 ఖాతాలు వున్నవి. వాటిలో అయిదు ఉక్కు కంపెనీలే: భూషణ్ స్టీల్, భూషణ్ పవర్ అండ్ స్టీల్, ఎస్సార్ స్టీల్, ఎలక్ట్రోస్టీల్ స్టీల్స్, మొన్నెట్ ఇస్పాత్. ఉక్కు ధర అందరికీ ఒకటే. చైనా పోటీ అందరికీ ఒకటే. వీరిని ముంచినది అప్పు.

భూషణ్ స్టీల్ మీద అప్పులవారు సుమారు 56,000 కోట్ల రూపాయలు రావాలన్నారు. 2018 మే నెలలో టాటా స్టీల్ వారికి సుమారు 35,200 కోట్లు చెల్లించి, కంపెనీలో 72.65 శాతం వాటా తీసుకున్నది. పాత వాటాదారుల వాటా కుంచించుకుపోయినది. అనగా మందీలో ఈ షేరు కొని, తేజీ వస్తుందని నమ్మిన మదుపరి నమ్మకం తప్పు కాదు. తేజీ వచ్చినది. దాని ఫలం మాత్రం వేరొకరికి దక్కినది. 2007లో తేజీ శిఖరాన కోరస్‌ను కొని పదేళ్ళు బాధపడిన టాటా స్టీలే 2018లో మందీలో చితికిన కర్మాగారాన్ని కొని లాభపడినది. ఒకే చేయి, రెండు బేరాలు. తేడా కొన్న కాలంలో వున్నది.

మిర్చి కోల్డ్ స్టోరేజీలో వుంటే అద్దె పెరుగుతుంది, రంగు తగ్గుతుంది, తరుగు వస్తుంది. షేరుకు అద్దె లేదు, తరుగు లేదు అని మురిసిపోతాము. కాని కంపెనీ కట్టే వడ్డీయే దాని తరుగు. ఈ తరుగు తట్టుకోలేని కంపెనీ షేరు ఎంత చౌకగా దొరికినా ముట్టకూడదు.

కొనే ముందు చూడవలసినవి

మొదటిది అప్పు. గడ్డు సంవత్సరంలో కూడ కంపెనీ చేతికి వచ్చే నగదు వడ్డీకి సరిపోతున్నదా? రెండు మూడేళ్ళలో తీర్చవలసిన పెద్ద బాకీలు వున్నవా? తేజీలో వచ్చిన డబ్బును అప్పు తీర్చడానికి వాడుతున్నదా? టాటా స్టీల్ నికర అప్పు 2020 మార్చిలో లక్ష కోట్లకు మించి వుండగా, రెండేళ్ళలో సుమారు 51,000 కోట్లకు తగ్గినది. మంచి రోజులు ఎలా వాడుకున్నారన్నదే యాజమాన్యానికి పరీక్ష.

రెండవది ఉత్పత్తి ఖర్చు. మందీలో అందరికంటే ఎక్కువ ఖర్చు గలవాడు ముందు నష్టపడతాడు, తక్కువ ఖర్చు గలవాడు చివరిదాకా నిలుస్తాడు. టాటా స్టీల్‌కు నోవాముండి, జోడా వంటి చోట్ల సొంత ఇనుప గనులు వున్నవి. మన విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేవు. ఖనిజం కొనుక్కుని ఉక్కు చేయవలసి రావడం దాని కష్టాలకు ఒక ముఖ్య కారణం. 2025 జనవరిలో కేంద్రం దానికి 11,440 కోట్ల రూపాయల సహాయం ప్రకటించవలసి వచ్చినది. అది షేరు బజారులో నమోదైన కంపెనీ కాదు గాని, సొంత ముడిసరుకు విలువ ఎంతో తెలుసుకోవడానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ లేదు. అయితే సొంత గనులు కూడ శాశ్వతం కావు. 2015 నాటి ఖనిజ చట్టం సవరణ ప్రకారం ఇటువంటి పాత లీజులకు గడువు 2030 మార్చి ఆఖరు దాకా. ఆపైన వేలం. ఇది కూడ లెక్కలో వేసుకోవలెను.

మూడవది బజారులో సరుకు. కొత్త కర్మాగారాలు ఆగినవా? పాతవి మూతబడుతున్నవా? దిగుమతులకు అడ్డుకట్ట పడుతున్నదా? ధర ఎంత పడినదన్న దానికంటె ఈ ప్రశ్నలు ముఖ్యం. 2024లో చైనా ఎగుమతులు మళ్ళీ 11 కోట్ల టన్నులు దాటినవి. 2025 ఏప్రిల్‌లో భారత ప్రభుత్వం 12 శాతం తాత్కాలిక రక్షణ సుంకం విధించినది. పదేళ్ళ కిందటి కథే పేర్లు మారకుండా తిరిగి వచ్చినది.

విడతల లెక్క

అడుగు ధర ఎవరికీ తెలియదు. తెలుసునని చెప్పేవాడిని నమ్మరాదు. అందుచేత కొనుగోలు విడతల మీద జరగాలి. ఒక వర్తకుడు 6 లక్షల రూపాయలు కేటాయించి, మూడు నెలలకొక లక్ష వంతున ఆరు విడతలు కొన్నాడనుకుందాము. ధరలు వరుసగా 250, 200, 160, 125, 160, 200. అతనికి వచ్చే షేర్లు వరుసగా 400, 500, 625, 800, 625, 500. మొత్తం 3,450. సగటు ఖరీదు దాదాపు 174 రూపాయలు.

మొదటి రోజే 6 లక్షలూ పెట్టి 250కి కొన్నవాడికి 2,400 షేర్లు వచ్చినవి. ధర 200 దగ్గర వున్నప్పుడు ఇతని సొమ్ము 4,80,000, అనగా 1,20,000 నష్టం. విడతల మీద కొన్నవాడి సొమ్ము 6,90,000, అనగా 90,000 లాభం. ఇద్దరూ ఒకే షేరు, ఒకే మొత్తంతో కొన్నారు. ధర 250కి తిరిగి చేరినప్పుడు మొదటివాడికి అసలు దక్కుతుంది. రెండవవాడి సొమ్ము 8,62,500 అవుతుంది.

ఇందులో కష్టమంతా నాలుగవ విడతలో వున్నది. ధర సగానికి పడినది. మూడు విడతలూ నష్టంలో వున్నవి. పత్రికలలో చెడ్డ వార్తలే. ఇంట్లో వాళ్ళు ఇక చాలంటున్నారు. ఆనాడు పెట్టిన లక్షకే 800 షేర్లు వచ్చినవని గమనించాలి. అందుకే విడతల తేదీలు ముందుగానే కాగితం మీద రాసుకోవలెను. కొనే రోజు మనసును సలహా అడగరాదు. కంపెనీ అప్పు విషయంలో మన లెక్క తప్పినదని తేలితే మాత్రం విడత ఆపవలెను. ధర పడినదన్న కారణంతో ఆపరాదు.

అప్పు సొమ్ము, సీజను సొమ్ము

ఓపికకు పట్టే డబ్బు వేరు. నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి 6 లక్షలు తెచ్చినట్లయితే నెలకు 9,000, మూడేళ్ళకు 3,24,000 వడ్డీ. షేరు సగానికి పైగా పెరిగితే గాని ఆ వడ్డీ కూడ గిట్టదు. అప్పు చేసి పప్పు కూడు ఒక పూటైనా కడుపు నింపుతుంది. అప్పు చేసి కొన్న షేరు ఆ మాత్రం కూడ చేయదు.

ఇక వాయిదా వ్యాపారంలో ఓర్పుకు తావే లేదు. ధర పడిన రోజున మార్జిను కట్టాలి, గడువు నాటికి బేరం తీర్చాలి. అడుగు ధర దగ్గర బజారు మిమ్ములను బలవంతంగా అమ్మిస్తుంది. మూడేళ్ళు నిలబడదలచినవాడు డెలివరీ తీసుకుని, షేర్లు తన డీమ్యాట్ ఖాతాలో వుంచుకోవలెను. వాటిని తాకట్టు పెట్టరాదు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం సీజను సొమ్ములో వున్నది. 2020 మార్చిని జ్ఞాపకం చేసుకోండి. మిర్చి రాకలు నిండుగా వున్న కాలంలో గుంటూరు యార్డు మూతబడినది. సరుకు కోల్డ్ స్టోరేజీలో, రావలసిన బాకీలు ఎక్కడివక్కడ. అదే నెలలో ఉక్కు షేరు అడుగుకు చేరినది. ఆనాడు చేతిలో రొక్కం లేక, 250 దగ్గర షేర్లు తెగనమ్మి కూలీలకు, రైతులకు చెల్లించిన వర్తకుడి అంచనా తప్పు కాదు, అతని కంపెనీ తప్పు కాదు. డబ్బు తప్పు. ఏడాదిన్నరలో ఆరు రెట్లయిన షేరును అతను అడుగున వదులుకున్నాడు. దేశం మొత్తానికి కష్టం వచ్చినప్పుడు మిర్చి వ్యాపారానికీ, షేరుకీ ఒకేసారి వస్తుంది. అందుచేత రెండు సీజన్ల పెట్టుబడి, ఇంటి ఖర్చు, పిల్లల చదువు పక్కన పెట్టిన తరువాత మిగిలిన దానిలోనే ఒక భాగం ఇటువంటి షేర్లకు కేటాయించవలెను. ఒక్క పరిశ్రమ షేర్లలోనే అంతా పెట్టరాదు.

ఎప్పుడు అమ్మాలి

మందీలో కొనడం సగం పాఠమే. చక్రగతి షేరును పెళ్ళాడరాదు. అమ్మవలసిన కాలానికి కొన్ని గుర్తులు వున్నవి. లాభాలు ఎన్నడూ లేనంతగా వుండి పి.ఇ. నాలుగైదుకు దిగడం. కంపెనీలన్నీ పోటీపడి కొత్త కర్మాగారాలు ప్రకటించడం. సరుకు ధర భరించలేక వినియోగదారులు ప్రభుత్వానికి మొర పెట్టుకోవడం, ప్రభుత్వం ఎగుమతి సుంకం వేయడం. నిన్న అమ్మమన్న విశ్లేషకులు నేడు కొనమనడం. ఈ గుర్తులు రెండు మూడు కలిసి కనిపించినప్పుడు కొన్నట్లే విడతల మీద అమ్ముకోవలెను. శిఖరం ధర దొరకదు. దొరకనక్కర లేదు. దీపం వుండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి.

హైదరాబాదు కేంద్రంగా వున్న ఎన్.ఎం.డి.సి. విషయంలోనూ ఇదే లెక్క. బైలడిల్లా ఖనిజం ధర ఉక్కు ధర వెంట నడుస్తుంది. 2022 మే నెలలో ఉక్కు మీద సుంకం వేసిన నాడే ఇనుప ఖనిజం ఎగుమతి సుంకాన్ని 50 శాతానికి పెంచారు. నవంబరులో పరిస్థితి మారి ఉక్కు సుంకం ఎత్తివేశారు. ఆరు నెలల్లో వచ్చిపోయే ప్రభుత్వ ఉత్తర్వులను ముందుగా ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు. ఉత్తర్వు వచ్చిన రోజున నిలబడగల స్థితిలో వుండడం మాత్రం మన చేతిలో వున్నది.

వర్తక సోదరులు యార్డులో నేర్చిన విద్యనే ఇక్కడా వాడుకుంటే చాలును. సరుకు నాణ్యత చూసి, గిడ్డంగి ఖర్చు లెక్క కట్టి, రానున్న పంట విస్తీర్ణం కనుక్కుని, సొంత డబ్బుతో, కొద్దికొద్దిగా కొనడమే ఆ విద్య. ఇందులో ఏ ఒక్కటి లోపించినా ఓర్పు కాస్తా మొండితనం అవుతుంది. మొండితనానికి బజారు వడ్డీ ఇవ్వదు.